ఆరవేసిన మెత్తలు

ఆషాఢమేఘములు దిక్కులు బ్రద్దలగునట్లు గర్జించుచుండ కొండల యెఱ్ఱమట్టిని కడుపునిండ త్రావి నెత్తుటేఱువలె పొంగి గట్టులను కొఱుకుచు మహావృక్షములను వేళ్ళతో పెల్లగించి యీడ్చుకొనివచ్చుచున్న గౌతమీనది యొడ్డున తోటవరము సంస్థానమువారి విహారనౌక కంబమునకు కట్టివేసిన మదగజమువలె గింజుకొనుచుండెను.

ఆ నౌకలో రాణి రత్నాయమ్మగారు కూర్చుండు పీఠములపై పండ్రెండు పట్టుమెత్తలు గలవు. వానికి తడి సోకకుండ కాపాడుట పల్లెకారుల సూరమ్మ పని. లోగుడ్డకు తేనెమైనము కాచి పట్టించి యందు బూరుగుదూది కూరి కుట్టు క్రిందికి వచ్చునట్లు కుట్టుటయు వాన వెలిసినతోడనే మెత్తలను వెదురుతడికపై అంచుల మీద నిలిపి గాలికిచ్చుటయు తడి యాఱనిదే మైనపుగుడ్డ కప్పకుండుటయు ఆమెకు మగడు పెంటయ్య నేర్పిన విద్యలు. ఆ మెత్తలే పెంటయ్య ప్రాణములు తీసినవి.

రెండేండ్లక్రిందట నొకనాడు మెత్తనుండి తడి యెక్కి రాణిగారి పట్టుచీర మరకపడెను. మెత్తలకు తడి తగిలించిన కాపరికి ముప్పది కొరడాదెబ్బలని సంస్థానపు కట్టడి. నాటి వేకువను కావలివారి నాయకుడైన జోగిరాజు ఏటిలో స్నానము చేసి తడిపంచెతో నౌక యెక్కి రాణిపీఠముపై కాళ్ళు చాచి నిద్రించుట సూరమ్మ ఒడ్డునుండి కన్నులార చూచెను. చూచినదానిని నోరెత్తి యఱచెను. పల్లెదాని కేక అంతఃపురమువఱకు పోలేదు. జోగిరాజే కొరడా పట్టి పెంటయ్యను నౌకలోని తెరచాపకొయ్యకు కట్టి కొట్టెను. సూరమ్మ యొక్కొక్క దెబ్బయు లెక్కించెను. ఇరువదియొకటవ దెబ్బకు పెంటయ్య తల వ్రాలెను. మిగిలిన తొమ్మిదియు శవముపైననే పడినవి.

ఆ నెత్తురు చిమ్మి కుట్టుసందున లోనికి దిగి యొక మెత్త తడిసెను. మెత్తకు నీరు తగులరాదు గావున సూరమ్మ దానిని కడుగలేదు. ఎండలో ఆర్చి కుట్టుకు మైనము పట్టించి పైకి క్రొత్త గలీబు కుట్టి యథాస్థానమున నుంచెను. మెత్త తడిపినవాడెవడో రాణిచెవిని పడువఱకు ఈ నౌకను విడువనని యొట్టుపెట్టుకొని మగని కొలువులో తానే కుదిరెను.

ఇప్పుడీ వఱద పొంగిననాటి మధ్యాహ్నము ఆవలియొడ్డున కూతునకు ప్రసవవేదన మొదలయ్యెనని కబురురాగా రాణిగారు పయనమైరి. నౌక నడుపు సరంగు తాతబ్బి చేతులు జోడించెను.

"ఏరు ఎర్రెత్తిపోయుందమ్మా. మాను కొట్టిందంటే పడవ రెండు ముక్కలే."

"పిరికి ఎదవా! తల్లి బిడ్డ కాడికి ఎళ్ళొద్దా?" యని జోగిరాజు కత్తియొరతో వాని మోము పగులగొట్టెను. తాతబ్బి విఱిగిన పల్లు నుమిసి చుక్కాని పట్టెను.

నడియేటికి చేరునప్పటికి వాడన్నంతయు జరిగెను. కొట్టుకొనివచ్చిన మద్దిమాను ఏనుగు దంతమువలె నౌక ప్రక్కను పొడిచి చీల్చెను. ఇద్దఱు తెడ్డువాండ్రు మ్రానికిని పలకకును నడుమ నలిగి కేక వేయకయే మునిగిరి. నౌక యొరగి యొక యిసుకమేటకు తట్టుకొని నిలిచెను. సూరమ్మ నౌకలో నిండిన మోకాలిలోతు నీటిలో నిలిచి రాణిగారి నడుమునకు రెండు మెత్తలు బిగించి ఆమెను తెరచాపకొయ్యకు కట్టెను.

నీటిలో పడిన జోగిరాజు ఈదుచు వచ్చి నౌకయంచు పట్టెను. సూరమ్మ చేతనున్న మెత్తకై బాకు దూసి ఆమె ముంజేయి కోసెను. ఆమె తెడ్డెత్తి వాని వ్రేళ్ళపై కొట్టెను. ఎముకలు పటపట విఱిగినవి. వాని పట్టు జాఱి ప్రవాహము వానిని నాలుగు బారలు లాగికొనిపోయెను.

"సూరీ! మెత్త పడెయ్యవే! పోతన్నాను!"

ఆమె పండ్లతో గలీబు చించెను. నల్లబడిన మరక బయటపడెను.

"పడేత్తాను బాబయ్యా. ఆ నాడు పీటమ్మీద మెత్త తడిపిందెవరో అమ్మగారికినపడేలా సెప్పండి."

"ఇంకెవడే దొంగముండా! నీ మొగుడే!"

సుడి వానిని మ్రింగి మరల వెడలగ్రక్కెను. సూరమ్మ మెత్తకు త్రాడు ముడివేయుచు నిలిచెను గాని విసరలేదు.

"నేనే! తడిపంచెతో నేనే పడుకున్నాను! పెంటయ్యకేం తెలవదు! ఏసెయ్యవే తల్లీ!"

రాణిగారు వినిరి. సూరమ్మ త్రాటికొన పట్టుకొని విసరెను. రెండేండ్లు చెమ్మ యెఱుగక యుండిన ఆ బూరుగుమెత్త సుడిపై హంసవలె తేలి తన్ను నెత్తుట ముంచినవానినే మోసికొని వచ్చెను.

మఱునాడు వాన వెలిసెను. రాణిగారి కూతురు సుఖముగ ప్రసవించెనని కబురును వచ్చెను. ఇసుకమేటనుండి ఒడ్డునకు లాగిన నౌకలో అదే తెరచాపకొయ్యకు జోగిరాజును కట్టిరి. రాణిగారు ముప్పది దెబ్బలు విధించి సూరమ్మ ముఖము చూచిరి.

"నీవేమందువు?"

నౌకపై మెత్తలన్నియు తడికలమీద ఆరుచుండెను.

"కూసింత ఆగండమ్మా. మెత్తలు తీసేత్తాను. నెత్తురు పడితే పోదు."

కట్టుకట్టిన చేతితో ఆమె ఒక్కొక్క మెత్తయే ఎత్తి నెత్తురు చిమ్మనంత దూరమున గట్టుపై నిలిపెను. కొరడా పట్టిన బంటు ఆమెకు దారి విడిచి నిలిచెను. పండ్రెండవదానిని నిలిపి వచ్చి, "ఇక కానీండి" యనెను.

కొరడా లేచెను. తోలు చిట్లుచప్పుడు ఏటిహోరును మించెను. జోగిరాజు మొదట తిట్టెను పిదప వేడెను ఆపై పశువువలె మూల్గెను. సూరమ్మ రెప్పవాల్చక పెదవులు కదలుచుండ చూచుచుండెను. ఇరువదవ దెబ్బ పడెను. బంటు చేయి మరల లేచునంతలో ఆమె పరుగున పోయి ఆ చేతికి వ్రేలాడెను.

"ఏల ఆపితివి?" అని రాణిగారడిగిరి.

"ఇరవయ్యో దెబ్బకాడికి మా ఆయన బతికే ఉన్నాడమ్మా. ఇరవయ్యొకటోది మళ్ళీ సూళ్ళేను."

కొరడా నేలబడెను. సూరమ్మ గట్టెక్కి తన మెత్త కుట్టు విప్పి చేయి పెట్టి చూచెను. గోదావరి యంతయు పైనుండి పొరలిపోయినను లోని దూది ముందునాటివలె పొడిగనే యుండెను. మరక పడినచోట మాత్రము నల్లగా ఉండకట్టియుండెను. ఆమె దానిని గిల్లి పాఱవేయలేదు. కుట్టు బిగించి అంచుమీద నిలిపి ఎండ తిరిగిన వైపునకు త్రిప్పెను.