ఎలివేటర్ అడుగున

బేకరీ ఆయన వచ్చీ రాగానే సంచి మూతి విప్పి, పిండిని బల్ల మీద గుమ్మరించాడు. తెల్లటి కుప్పలోంచి ఎర్రటి చిన్న పురుగులు తాపీగా బయటికి పాకాయి.

"వీటిని కూడా తూకం వేసే అమ్ముతున్నారా?" అన్నాడు.

అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు. "నేనేం చేసేదండీ? గ్యాస్ మందు పెట్టిద్దామని నెత్తీ నోరూ కొట్టుకున్నా. మా అక్క వింటేనా! వేడి పెడితే చాలంది. ఇదిగో, ఇదీ ఆ వేడి ఘనకార్యం!"

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

తండ్రి పోయాక ఆ పిండిమరను ఇద్దరూ కలిసి నడుపుతున్నారు. యంత్రాలు అక్కవి, బేరాలు తమ్ముడివి. పురుగులకి మందు పెట్టించిన ప్రతిసారీ, మర చూసుకునే మేస్త్రీ దగ్గుతో మంచాన పడుతున్నాడు. అందుకే ఈసారి మర మూసి, పెద్ద పెద్ద హీటర్లు తెప్పించి, లోపలంతా పురుగు బతకలేనంత వేడి చేద్దామని ఆమె పట్టుబట్టింది. అంతకుముందే యంత్రాల్లో పిండి చిటికెడు కూడా లేకుండా ఊడ్చెయ్యాలి. సరిగ్గా ఆ రోజే ఆమెకు ఒళ్లు తెలియని జ్వరం. ఆ పని తమ్ముడికి అప్పజెప్పింది. "అయిపోయిందా?" అని ఫోన్‌లో అడిగితే, "అద్దంలా ఉంది పో" అన్నాడు.

ఇప్పుడామె లేచింది. మోటారు ఆపింది. పిండిని పై అంతస్తుకు మోసే ఎలివేటర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, అడుగు మూత బోల్టులు విప్పింది. ఒకటి బిగుసుకుపోయి ఉంటే స్పానర్‌ను కాలితో తన్నింది. మూత ఊడింది. లోపల పాత పిండి జానెడు మందాన గట్టిపడి ఉంది. చేత్తో పెళ్లగించి చూస్తే పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"ఇదేంట్రా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "అదా... అది విప్పాలంటే పూటంతా పడుతుందక్కా. ఎలాగూ వేడి పెడుతున్నాం కదా, అవే చస్తాయిలే అనుకున్నా."

"వేడి పిండిలోకి దిగదని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పలా? గోడలన్నీ కాలిపోతుంటే ఇవి ఇక్కడ దుప్పటి కప్పుకుని పడుకున్నాయి! పని ఎగ్గొట్టింది నువ్వు. నలుగురిలో నా మొహాన పేడ కొట్టిందీ నువ్వే!"

"ఊరుకో అక్కా, బయటివాళ్లున్నారు."

"ఇందాక లేరా బయటివాళ్లు?"

బేకరీ ఆయన బల్ల దగ్గరే నిలబడిపోయాడు. మేస్త్రీ మాత్రం అవసరం లేకపోయినా ఒక జల్లెడ తీసుకుని దులపడం మొదలుపెట్టాడు.

అక్క చీపురు తెచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర పడేసింది. "దిగు. నీ చేత్తోనే తియ్యి. మర మళ్లీ ఖాళీ చేస్తాం, మళ్లీ వేడి పెడతాం. అప్పటిదాకా ఈ మోటారు తిరిగితే ఒట్టు."

"చేతిలో ఇన్ని ఆర్డర్లు పెట్టుకుని మర ఆపుతావా? నీకేమన్నా పిచ్చా?"

"ఆఁ, పిచ్చే. దిగు."

తమ్ముడు విసవిసా బయటికి వెళ్లిపోయాడు. అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తనే తవ్వడం మొదలుపెట్టింది. కోపంలో మూత అంచు తగిలి వేలు తెగింది. అయినా ఆగలేదు. కాసేపటికి పక్కన ఇంకో చెయ్యి పిండి పెళ్లగిస్తూ కనిపించింది. తమ్ముడు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చాడు. ఆమె చీపురు అతని వైపు తోసింది.

రెండోసారి వేడి పెట్టి, తలుపులు తెరిచి చూస్తే, ఊడ్చిన చోటల్లా పురుగులు ఎండిన నూకల్లా చచ్చి పడున్నాయి. మేస్త్రీ చేటతో ఎత్తి పోశాడు. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

"ఇక బేకరీకి వెళ్లు," అంది అక్క. "తప్పు ఎవరిదో నీ నోటితోనే చెప్పిరా."

"ఆయన ఎలాగూ విన్నాడుగా. నేనూ ఒప్పుకుంటే ఇంక మన దగ్గర కొంటాడా?"

"కొనకపోతే మానె. చెప్పిరా."

వెళ్లాడు. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. బేకరీ ఆయన అంతా విని, ఇకమీదట ప్రతి సంచీ తన కళ్ల ముందే జల్లించి ఇవ్వాలన్నాడట.

"ఎవరు జల్లిస్తారటా?" అని అడిగింది.

"నేనే," అన్నాడు తమ్ముడు.

అక్కకి కోపం తగ్గలేదు. జల్లెడ మాత్రం అతని చేతికిచ్చింది.