లీటరుకు మూతెడు

తమిళనాడులోని గుడియాత్తంలో నారూ ఎరువులూ అమ్మే సుబ్బరాయులు లాభనష్టాలు తూచుకోనిదే అడుగు వేయడు. అటువంటివాడు ఒక సీసా దగ్గర తప్పు చేశాడు.

చిత్తూరు నుంచి వచ్చిన ఆ సముద్రపు నాచు మందు సీసా మీద రాతంతా తెలుగు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అతను చదివింది అరవం. పాత కంపెనీ మందుకు చెప్పినట్టే దీనికీ లీటరు నీళ్ళకు మూతెడని చెప్పి, నిన్న టమాట రైతు సరసమ్మకు అమ్మాడు. ఈ పొద్దున చిత్తూరులో చదువుకున్న కోడలు నివేదిత సీసా తిప్పి చూసింది.

"మామా, ఇది చిక్కటి సరుకు. పది లీటర్లకు మూతెడంట. ఎక్కువైతే వేర్లు మాడిపోతాయని రాసినారు!"

అతను వెంటనే సరసమ్మకు ఫోను చేశాడు. సరసమ్మ బావి నీళ్ళు ఉప్పు. టమాట నారు రెండుసార్లు నాటి రెండుసార్లూ పోగొట్టుకుంది. ఈసారీ పోతే చేను అమ్మేస్తానంది. నాచు మందులో వేర్లు ముంచితే నారు ఉప్పుకు తట్టుకుంటుందని ఆమెను ఒప్పించింది తనే.

ఆమె ఫోను ఎత్తలేదు. మోపెడ్ మీద రెండు మంచినీళ్ళ క్యాన్లు కట్టుకుని బయలుదేరాడు. దారిలో ఒక లెక్క తోచింది: నోరు మూసుకుంటే నింద ఉప్పునీళ్ళ మీదికే పోతుంది. బయటివాళ్ళెవరికీ అనుమానం రాదు. అంత సులువుగా తోచినందుకు సిగ్గుపడి మోపెడ్ వేగం పెంచాడు.

సరసమ్మ గట్టు మీద వేర్లు బకెట్లో ముంచుతోంది. ఒక మడి నిన్న సాయంత్రమే నాటేసింది.

"ముంచొద్దమ్మా, ఆపు!"

"ఏం నాయనా, కుక్కలు తరిమినట్టు వచ్చినావు?"

"కొలత తప్పు చెప్పినాను. పదింతలు ఎక్కువ. సీసా మీది తెలుగు నాకు చదవను రాదు."

ఆమె చేతిలోని నారు అలాగే ఉండిపోయింది. "నాకూ రాదు. నీకొస్తాదనే గదా నీ అంగడికి వచ్చింది."

"మంచినీళ్ళు తెచ్చినాను. వేర్లు కడుగుదాం. నాటినవీ పీకాల."

"నువ్వే పీకప్పా. నాకు చేతులు రావు."

మడిలో కూర్చుని మొదటి మొక్క పీకాడు. వేరు కొస తెల్లగానే ఉంది. రెండోదాని కొస గోధుమ రంగుకు తిరిగింది.

"ఎట్లుండాది?" గట్టు మీది నుంచి సరసమ్మ అడిగింది.

రెండు మొక్కల వేర్లూ ఆమెకు కనబడేలా పైకెత్తి చూపించాడు. మూడోది పట్టుకున్నాడు.