తీసేసిన తొమ్మిది సెకన్లు

శనివారం రికార్డు చేసి ఆదివారం ఉదయం వేసే ఆ చర్చా కార్యక్రమానికి అతను ఎడిటర్. మంత్రులు, ప్రతిపక్షంవాళ్ళు, అధికారులు వచ్చి రాష్ట్ర వ్యవహారాల మీద గంటన్నర మాట్లాడితే అతను దాన్ని నలభై నిమిషాలకు దించుతాడు. దగ్గులు, నసుగుళ్ళు, నీళ్ళు తాగడాలు తీసేస్తాడు. కోసినచోట అతుకు కనబడకుండా యాంకరమ్మ తల ఊపే ముక్క ఒకటి పెడతాడు. అతిథులు వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీకేసి చూస్తూ ఆవిడ విడిగా ఊపి ఇచ్చే ముక్కలవి.

"పోయినవాళ్ళ మాట వింటున్నట్టుంటుందయ్యా నాకు," అని నవ్వేది.

అతని అక్క భర్త బడిపంతులు. బావమరిదిని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "ఏం కత్తెరా, ఈ వారం ఎవరి నాలుక కోశావ్?" అనేవాడు.

వానలు మొదలైన వారం నది కరకట్ట మీద చర్చ జరిగింది. ఈ ఏడాది కట్ట నిలుస్తుందా అని యాంకరమ్మ పెద్ద ఇంజినీరును అడిగింది. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నిలుస్తుందండీ," అన్నాడు. మధ్యన తొమ్మిది సెకన్లు.

అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెయ్యి అలవాటు. తొమ్మిదీ తీసేసి ఓ తల ఊపుడు అతికించాడు. ప్రశ్న వెనకే జవాబు టక్కున వచ్చి పడింది. బాగా కుదిరిందనుకుని టీ తాగడానికి వెళ్ళాడు.

కార్యక్రమం వేసిన పన్నెండో రోజు కట్ట తెగింది. ఆ కట్ట కింద వీధిలోనే అక్కావాళ్ళ ఇల్లు. అంతకు రెండు రోజుల ముందే అక్క మొగుడితో గొడవపడి పిల్లల్ని తీసుకుని తమ్ముడింటికి వచ్చేసింది. బావ రానన్నాడు. నీరు తీశాక శవమై దొరికాడు.

అప్పట్నుంచీ ఆ తొమ్మిది సెకన్లు అతని వెంటపడ్డాయి. లిఫ్టు తలుపు మూసుకునేలోపు, డాక్టరు రిపోర్టు చదివి తలెత్తేలోపు, ఫోన్లో అవతలివాళ్ళు పలికేలోపు అతను లోపల లెక్కపెడుతుంటాడు. ఎనిమిది దగ్గర ఆగితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో తన వెనక ఎవరో కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టుంటుంది. ఆ తొమ్మిదీ ఉంచినా ఎవరు పట్టించుకునేవారులే అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. బావ పట్టించుకునేవాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లల తడబాటు చూసి అబద్ధాలు పట్టిన మనిషి.

ఓ ఆదివారం టీవీలో కార్యక్రమం వస్తోంది. అక్క మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"ఒరేయ్, ఆ కట్ట ఇంజినీరు గుర్తున్నాడా?"

"ఊఁ."

"ఆవేళ నేను మూటలు కట్టేశాను. మీ బావ టీవీ చూసి విప్పించాడు. 'తడుముకోకుండా చెప్పాడే, అబద్ధమాడేవాడు అంత తేలిగ్గా చెప్పలేడే' అన్నాడు. బళ్ళో పిల్లలనుకున్నాడు అందర్నీ." చిన్నగా నవ్వి, ఆపేసింది. "నువ్వు దగ్గరుండి చూశావుగా. నిజంగా అంత టక్కున చెప్పాడా?"

అవునక్కా అంటే చాలు. ఈ ఇంట్లో అక్కకు నీడా, అతనికి ఆమె వండిన అన్నమూ ఎప్పట్లానే ఉంటాయి. అతను నోరు తెరిచాడు. మూశాడు. చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. టీవీలో యాంకరమ్మ ఎవరికో తల ఊపుతోంది.

అక్క చేతుల్లో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"లేదక్కా," అన్నాడు.

ఆమె లేచి టీవీ ఆపింది. మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది. "మొదట్నుంచీ చెప్పు."

చెప్పాడు. ఖాళీ కుర్చీ సంగతి కూడా చెప్పాడు. చెప్పినంతసేపూ అక్క అతన్నే చూసింది. ఒక్కసారి కూడా తల ఊపలేదు.