హక్కిచ్చే పెద్దమనిషి

మా జిల్లా బడుల్లో పరిశీలన పాఠమంటే పెద్ద నాటకం. ఒకే పాఠాన్ని అదే పిల్లలకు నాలుగుసార్లు చెప్పి, అయిదోసారి తనిఖీకొచ్చి వెనక వరసలో కూర్చున్న విద్యాశాఖ పెద్దల ముందు అప్పుడే మొదలుపెట్టినట్టు చెప్పాలి. జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి ఎత్తుతారు; మేం కుడిచెయ్యి వాళ్లనే అడుగుతాం. చూసేవాళ్లకు క్లాసంతా మేధావులే. ఈ మాయ పెద్దలకూ తెలుసు. వాళ్లూ ఒకప్పుడు ఇలా ఎత్తించినవాళ్లే.

ఆ ఏడాది పాఠం నాది. బాగా చెబితే పదకొండేళ్లుగా అందని సీనియర్ టీచర్ హోదా దక్కుతుంది. వైస్ ప్రిన్సిపాల్ దువాన్ ఎంచి ఇచ్చిన ఇంగ్లీషు మాట 'ఎన్‌టైటిల్'. హక్కు కల్పించడం అన్నమాట. ఆయన చాక్‌పీసు పట్టుకుని ఆరేళ్లయింది గానీ, ఏం చెప్పాలో మాత్రం ఆయనే చెబుతాడు.

మా పిల్లలకు ఈ మాట ఓ పట్టాన ఎక్కలేదు. ఎవరు వాక్యం రాసినా హక్కిచ్చేవాడు ఓ పెద్దమనిషే. ప్రిన్సిపాల్ అన్నం తినే హక్కిచ్చాడు, వార్డెన్ నిద్రపోయే హక్కిచ్చాడు. ఒకడైతే బస్సులో కూర్చునే హక్కు డ్రైవరిచ్చాడని రాశాడు. టికెట్ కొన్నావు కదరా, హక్కు దానివల్ల వచ్చింది, డ్రైవరు ఎక్కించుకుంటాడంతే అని మూడు రోజులు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అందరికన్నా ముందు షిన్‌రుయి అనే పిల్లకు అర్థమైంది.

పరిశీలన రోజు అంతా అనుకున్నట్టే సాగింది. దువాన్ మాత్రం ఊరుకోలేకపోయాడు. లేచి, బడి నాయకత్వమే మనకు చదువుకునే హక్కు కల్పించిందని తనే ఓ వాక్యం చెప్పి చప్పట్ల కోసం చూశాడు. పెద్దలు కొట్టారు కూడా.

అప్పుడు షిన్‌రుయి లేచింది. రిహార్సల్లో లేని పని.

"అది తప్పు సార్. ఆ హక్కు చట్టం ఇచ్చింది. మీరు గేటు తీస్తారంతే. కదా టీచర్?"

దువాన్ నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "చెప్పండి జోవ్ టీచర్, ఎవరిది రైటు?"

ఇంతసేపూ ఆయన్ని ఎకసెక్కం చేశాను గదా, ఇక నా ఘనత వినండి.

"సార్ చెప్పిందే రైటు. నువ్వు పాఠం సరిగ్గా వినలేదు, కూర్చో" అన్నాను.

హోదా వచ్చింది. ఆ వారం హోంవర్కులో షిన్‌రుయి పది వాక్యాలు రాసింది. పదింటిలోనూ హక్కులన్నీ దువాన్ సారే ఇచ్చాడు. నేను ఒక్కటీ కొట్టెయ్యలేక పదికి పది వేశాను.