వెనక సీట్లో కర్ర

కారు వేగం నూట ఇరవై దాటేసరికి ఆయన వెనక సీట్లో మోకాళ్ల మీద లేచి, తలుపు అంచుకి అంటించిన కాగితం టేపును జానెడు పీకాడు. గాలి ఈల వేసింది. మళ్లీ అంటించాడు, ఈల ఆగింది. దాని అడుగున గుయ్యిమంటున్న మూలుగు మాత్రం ఆగలేదు.

కార్ల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఇదే. కొత్త కార్లను కంపెనీ సొంత రోడ్డు మీద తోలుతుంటే, లోపలి చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి. సరంజామా అంతా ఒక టేపు చుట్ట, మూరెడు చెక్క కర్ర. కర్ర ఒక కొస అనుమానమున్న చోట ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటాడు. ఏళ్ల తరబడి రాపిడికి ఆ కొస నున్నగా నల్లబడింది. "కారులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, నేను గొంతు చించుకున్నా వినిపించదు" అని భార్య దెప్పుతుంది. కంపెనీలో అందరికీ ఆయన చెవులాయనే.

"కాస్త కుడికి తిప్పరా," అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆయనతో తిరుగుతున్న డ్రైవరు తిప్పాడు. మూలుగు పెరిగింది. ఎడమకి తిప్పితే తగ్గింది.

"వెనక ఎడమ చక్రం. బేరింగు పోతోంది. ఇలా మూలిగేది ఇది మూడో కారు."

"నాకూ వినిపించిందన్నా," అన్నాడు డ్రైవరు.

షెడ్డులో మేనేజరు చప్పుడు కొలిచే మీటరు చూపించాడు. "అరవై ఆరు. హద్దు అరవై ఎనిమిది. సంతకం పెట్టండి, ఇవాళే కార్లు బయటికి పోవాలి."

"మీటరు ఎంత చప్పుడో చెబుతుంది బాబూ, ఏం చప్పుడో చెబుతుందా? ఆ చక్రం పెద్ద రోడ్డు మీద బిగుసుకుపోతే లోపలున్నవాళ్ల గతేంటి?"

"మీ చెవులకి వయసైపోయిందండీ. లేని చప్పుళ్లు వినిపిస్తున్నాయి."

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెవులు పాడైపోతాయని కూతురి పెళ్లిలో కూడా దూది పెట్టుకుని తిరిగిన మనిషి! నిన్నగాక మొన్న వచ్చినవాడా ఆయన చెవులకు వంకలు పెట్టేది?

"పెట్టను. చెయ్యి విరిచినా పెట్టను," అని కాగితం బల్లమీదికి విసిరికొట్టి, పక్కనున్న డ్రైవర్ని చూపించాడు. "వీణ్ణి అడగండి. వీడూ విన్నాడు."

మేనేజరు కాగితాన్ని మెల్లగా డ్రైవరు వైపు జరిపాడు. "విన్నావా?"

డ్రైవరు తల వంచుకున్నాడు. "లేదు సార్," అని సంతకం గీకాడు.

చెవులాయన వాడి వైపు తిరిగాడు. మేనేజరు మీద కోపం ఒక ఎత్తు, వీడి మీద కోపం ఒక ఎత్తు.

"అయితే నీ పిల్లల్ని ఎక్కించుకుని తిరుగు ఆ కారులో. సిగ్గులేని వెధవా!"

"మీరిక రేపటినుంచి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

మెడలోని గుర్తింపు కార్డు తెంపి బల్లమీద పారేసి బయటికి నడిచాడు. పోనీ ఆగమని ఒక్కడూ అనలేదు. గేటు దాటాక గానీ చెయ్యి ఖాళీగా ఉందని తెలియలేదు.

వెనకనుంచి అదే కారు వచ్చింది. తోలుతున్నది డ్రైవరే. అద్దం దించి ఉంది, అయినా ఇటు చూడలేదు. గేటు ముందు గతుకు మీద ఎక్కి దిగేటప్పుడు లోపల ఎక్కడో టక్కుమంది. చెక్క తలుపుకి తగిలిన చప్పుడు. ముప్ఫై అడుగుల దూరంనుంచి చెవులాయన స్పష్టంగా విన్నాడు. డ్రైవరు భుజాలు ఉలిక్కిపడ్డాయి. వాడూ విన్నాడు.

కారు ఆగలేదు. పెద్ద రోడ్డు ఎక్కి వేగం అందుకుంది. వెనక సీటు కింద, నున్నగా నల్లబడిన కొసతో ఆ మూరెడు కర్ర అటూ ఇటూ దొర్లుతోంది.