పదిహేడో శాంపిల్

బక్రీదుకు ముందురోజు పొద్దున్నే చిత్తూరులో ఆయిషా బీ వసారాలో కూచుని గోరింటాకు రుబ్బుతా ఉండింది. ఆమె పెట్టిన గోరింటాకు ఎవరికైనా ఎర్రగానే పండుతాది. ఒంట్లో యాడన్నా పాడు గడ్డ దాగుంటే మాత్రం నీలంగా పండుతాది. దానికి చిత్తూరులో ఎవరూ నోరెళ్లబెట్టరు. చెయ్యి నీలంగా పండినోళ్లు తిరుపతి బస్సెక్కుతారు, కండక్టరు ఆ చెయ్యి చూసి ముందు సీటు ఖాళీ చేయిస్తాడు.

గోరింటాకుకు తెలిసేది రక్తపరీక్షకు ఎందుకు తెలీదని ఆమె మనవరాలు నిలోఫర్ చిన్నప్పుడే పట్టుబట్టింది. ఆ పట్టుదలే ఆమెను డాక్టరు చేసి అమెరికా దాకా తీసకపోయింది. అయితే ఆమెకిచ్చిన వీసాలో పాడు మెలిక ఒకటుండాది. అక్కడ చదువైనాక రెండేండ్లు సొంత దేశంలో ఉండి తీరాల. ఆమె తిరిగొచ్చింది, భర్త షానవాజ్, నాలుగేండ్ల బిడ్డ హబీబా అక్కడే ఉండిపోయినారు. బిడ్డ గుండెలో రంధ్రం, విమానం ఎక్కించొద్దన్నారు. తొడ నరంలోంచి తీగ పంపి దాన్ని మూసే ఆపరేషన్ వచ్చే నెల పన్నెండున. చూసొచ్చే వీసా రెండుసార్లు కొట్టేసినారు. ఇంక మిగిలిన దారల్లా అసాధారణ ప్రతిభ ఉన్నోళ్లకిచ్చే వీసా. దానికీ ఇంకా రుజువులు కావాలని కాగితం పంపినారు. గడువు ఈ పొద్దు సాయంత్రం ఐదుకు.

రుజువంటే తిరుపతి ల్యాబులో ఆమె కనిపెట్టిన పరీక్షే. అరవైమంది రక్తం చూస్తే యాభైతొమ్మిది సరిగ్గా చెప్పింది. పదిహేడో శాంపిల్ ఒక్కటే ముంచింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి క్యాన్సర్ అని చెప్పింది. ఆ మనిషెవరో నిలోఫర్‌కు తెలీదు, శాంపిళ్లకు నంబర్లే గానీ పేర్లుండవు.

"ఆ పదిహేడు తీసేయండి డాక్టర్," అన్నాడు ఆమె వీసా కాగితాలు చూసే లాయరు ధర్మేంద్ర చెన్నై నుంచి ఫోన్లో. "ఒక్క తప్పూ లేదంటేనే వాళ్లు ఒప్పుకుంటారు."

నిలోఫర్ తీసేసింది. బిడ్డ ముఖం గుర్తొచ్చి గుండె రాయి చేసుకునింది.

పండక్కని అవ్వింటికొచ్చిన నిలోఫర్‌తోబాటు తిరుపతి నుంచి ల్యాబ్ టెక్నీషియన్ దేవకమ్మ కూడా వచ్చుండింది. సొంతూరు బంగారుపాళ్యం పోవాల్సిన మనిషి, పండగ గోరింటాకు పెట్టించుకుందామని దారిలో ఈడ దిగింది. మధ్యాహ్నం తొట్టి దగ్గర గోరింటాకు కడుక్కోని చేతులు వెలుతురుకు తిప్పి చూసుకునింది. అరచేతులు రెండూ నేరేడుపండు తిన్న నాలుకల్లే ఉన్నాయి.

"యా అల్లా," అని ఆయిషా బీ ఆమె చేతులు రెండూ గుండెకు హత్తుకునింది.

దేవకమ్మ తడిచేతులతోనే వచ్చి నిలోఫర్ పక్కన కూలబడింది. ల్యాప్‌టాప్‌లో పట్టిక తెరిచే ఉండాది.

"మేడమ్, పదహారు తర్వాత పద్దెనిమిది ఉండాదే? నేను యాడ పోయినా?"

"నువ్వా?"

"ఆ పొద్దు ఒక మనిషి తక్కువొచ్చింటే నా చెయ్యే పొడిపించుకున్నా గదా. ల్యాబులో మామూలే. పదిహేడు నాదే."

నిలోఫర్ ఆ నీలం చేతుల వంక చూసింది. పరీక్ష తప్పలేదు. తప్పిందనుకోని తానే ఒక మనిషిని చెరిపేసింది.

ఆమె ధర్మేంద్రకు ఫోన్ చేసి, పదిహేడు మళ్లీ చేరుస్తున్నానని, అది తప్పు కాదని, బయాప్సీ రిపోర్టు వారంలో పంపుతానని చెప్పింది.

"వారం తర్వాత ఎవరు చూస్తారు? రుజువు లేని మాట రాస్తే ఉన్నదీ పోతుంది. అమ్మా, మీ బిడ్డ..."

"నా బిడ్డ సంగతి నాకు తెలీదా సార్?" అంది నిలోఫర్, ఏడుస్తా.

పదిహేడు చేర్చిన పట్టిక నాలుగుంబావుకు పంపేసింది. నాలుగున్నరకు దేవకమ్మను తీసుకొని తిరుపతి బస్సెక్కింది. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించినాడు.

గడ్డ ఆవగింజంత ఉందని బయాప్సీలో తేలింది. ఇంకో ఏడాది ఆగింటే చేసేదేమీ ఉండేది కాదన్నాడు సర్జన్. ఆ వారంలోనే వీసా కుదరదని జవాబొచ్చింది. బయాప్సీ రిపోర్టు ఎవరూ తెరిచి చూడలేదు.

పన్నెండో తేదీ రాత్రి నిలోఫర్ ల్యాబులో ఫోన్ ముందర పెట్టుకొని కూచునింది. అక్కడ బిడ్డను లోపలికి తీసకపోయి ఆరు గంటలయింది. షానవాజ్ ఫోన్ ఎత్తడంలేదు. గడ్డ తీసేసిన కుట్లు ఇంకా మానని దేవకమ్మ ఇంట్లో పడుకోమన్నా వినకుండా వచ్చి ఆమె పక్కన స్టూలు లాక్కుంది. మొన్న ఆయిషా బీ దేవకమ్మకు మళ్లీ గోరింటాకు పెట్టింది.

ఫోన్ మోగింది. ఎత్తడానికి నిలోఫర్‌కు ధైర్యం చాల్లేదు. దేవకమ్మ చెయ్యి చాచి ఎత్తింది. ఆ చెయ్యి ఎర్రగా పండుండాది.

"మమ్మీ యాడ?" అంటా ఉండాది బిడ్డ, మత్తు దిగని గొంతుతో.

"ఈడే ఉండాది తల్లీ," అని దేవకమ్మ ఫోన్ నిలోఫర్ చెవికి ఆనించి పట్టుకునింది.