ముగ్గురికి చెప్పిన భోజనం

ముగ్గురికి అని ఎందుకు చెప్పాడు? ఫోన్లో హోటల్ పిల్ల ఎంతమందికి సర్ అని హిందీలో అడిగితే, ఆలోచించే లోపే నోరు జవాబు చెప్పేసింది. నోటికి అలవాటు ఎక్కువ, బుద్ధి తక్కువ. బండి దిగాక కూడా కాళ్ళ కింద నేల కాసేపు కదులుతున్నట్టే ఉంటుంది. ఇదీ అలాంటిదేనేమో. కానీ ఆ కదలిక ఎంతసేపుంటుంది? ఏడాది దాటినా ఉంటుందా?

కూర్మారావు ఎదురుగా కూర్చున్న భార్య రత్నమాలను చూడలేదు, పక్కన ఖాళీగా ఉన్న కుర్చీనీ చూడలేదు. బల్ల మధ్యనున్న ఇత్తడి గంటను చూస్తున్నాడు. దాని మీద జింక బొమ్మ ఉంది. జింకకి ఒక కొమ్ము విరిగింది.

ఇది జగదల్‌పూర్‌లో, చిత్రకోట్ పోయే దారిలో కొత్తగా పెట్టిన పెద్ద హోటల్. రత్నమాల పొద్దున్న బండికి కొత్తవలస నుంచి వచ్చింది. చాలా నెలలుగా చెల్లెలింట్లోనే ఉంటోంది. ఇంటికి రమ్మని ఫోన్ చేస్తే, "జగదల్‌పూర్ దాకా వస్తాను. అక్కడ మాట్లాడుకుందాం" అంది. సాయంత్రం స్టేషన్‌కి రెండు బళ్ళొస్తాయి. ఒకటి పైకి, ఇంటి వైపు, కిరండూల్‌కి. ఇంకోటి కిందికి, కొత్తవలస మీదుగా సముద్రం వైపు. ఆమె ఏ బండి ఎక్కుతుందో ఈ భోజనం అయ్యేలోగా తేలాలి.

మంచి భోజనం పెట్టించాలనుకున్నాడు. అంతకంటే వేరే ఉపాయం తోచలేదు. ఇనుపరాయి మోసే గూడ్సు బళ్ళకి గార్డు అతను. చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, దాటిపోయినదాన్నే చూసే ఉద్యోగం. ఎదర ఏముందో ఇంజన్లో వాళ్ళకి తెలుస్తుంది. అతనికి అది దాటిపోయాక తెలుస్తుంది.

ఈ హోటల్ కూతురు అమ్ము కోరిక. ఫోన్లో బొమ్మ చూపించి, మొదటి జీతం రాగానే మీ ఇద్దర్నీ ఇక్కడికి తీసుకెళ్తా అంది. గీదంలో బడిలో ఉద్యోగం వచ్చింది. జీతం రాలేదు. జ్వరం ముందొచ్చింది. మలేరియా తలకెక్కింది అన్నారు.

"సర్, మూడో గెస్టు వచ్చాక వడ్డించమంటారా?"

అడిగింది వడ్డించే పిల్ల. జాకెట్టుకి తగిలించిన పేరు పలక మీద హుంగే అని ఉంది. మోకాళ్ళ దాకా ఎర్రంచు చీర కట్టించారు, తలలో ఈక గుచ్చారు.

రత్నమాల మొగుడి వంక చూసింది. "మూడో గెస్టు ఎవరండీ?"

"ఎవరూ లేరు. వాళ్ళు పొరపాటుగా రాసుకున్నారు."

"మీరు చెప్పకుండానే రాసుకున్నారా?"

ముగ్గురి భోజనానికీ అతను ముందే చెప్పి ఉంచాడు కాబట్టి, హుంగే మూడు ఇత్తడి పళ్ళేలు తెచ్చి, వాటి మీద మూడు ఆకు విస్తళ్ళు పరిచింది. ఖాళీ కుర్చీ ముందు కూడా.

మొదట పొడుగు కాడ గాజు గ్లాసుల్లో రాగిపిండి రంగులో ఏదో వచ్చింది. అంచున నిమ్మబద్ద గుచ్చి ఉంది. రత్నమాల ఒక గుక్క తాగి గ్లాసు దించింది.

"ఏటిది? చోడి అంబలి కాదూ?"

"మెనూలో వేరే పేరుంది."

"పేరు మార్చేస్తే అంబలి కాకుండా పోద్దా? మా నూకాలమ్మ పిన్ని పొద్దున్నే చెంబుడు పోసి, ఉల్లిపాయ చేతిలో పెట్టి, తాగి పొలం పోండర్రా అనేది. ఇందులో పంచదారేశారు."

అతనికి నవ్వొచ్చింది. ఆమె ముఖంలోనూ ఏదో మెదిలింది. ఆ కాసేపు, ఇది కుదురుతుందేమో అనుకున్నాడు. వెంటనే ఆ అనుకోవడం మీద అనుమానమొచ్చింది. నవ్వు చూస్తే చాలు, తనకి ఇల్లు కనిపిస్తుంది. ఆమెకి నవ్వులో నవ్వే కనిపిస్తుంది కాబోలు.

అన్నం గిన్నెలో అదిమి బోర్లించారు. చల్లారిపోయి ఉంది. వెదురు కొమ్ముల కూరలో మీగడ పోశారు. ఎర్ర చీమల పచ్చడి నల్లరాతి పలక మీద గోరంత పెట్టి, చుట్టూ పువ్వులు పెట్టారు. రత్నమాల వేలితో నాకి చూసింది. పులుపు లేదు, కారం లేదు, తియ్యగా ఉంది.

"మీ ఇంట్లో ఇలాగే చేస్తారా?" అని హుంగేని అక్కడి హల్బీ భాషలో అడిగింది.

హల్బీ వినగానే ఆ పిల్ల ముఖం మారింది. వెనక్కి తిరిగి మేనేజరు ఎక్కడున్నాడో చూసుకుని, "మేం ఇక్కడ తినం మేడమ్" అంది. ఈక సర్దుకుని వెళ్ళిపోయింది.

ఖాళీ కుర్చీ వెనక గోడకి ఒక చెక్క స్తంభం నిలబెట్టి ఉంది. దాని మీద సైకిలు, నెమలి, రేడియో పట్టుకున్న మనిషి. గీదం నుంచి బచేలీ పోయే దారిలో చనిపోయినవాళ్ళ పేరున ఇలాంటివే పాతుతారు. ఇక్కడ దానికి చిన్న లైట్లు చుట్టారు.

"చచ్చినోళ్ళ స్తంభం పక్కన కూర్చోబెట్టారు మనల్ని," అంది రత్నమాల. "వాళ్ళే నయం. పోయినోళ్ళకి ఇష్టమైన బొమ్మ ఏయించి, పోయారని ఒప్పుకుని, మర్నాడు పన్లోకి పోతారు."

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"అమ్ము గది ఖాళీ చేశారా?"

"చేస్తాను."

"పోయిన నెలా అదే అన్నారు."

"పుస్తకాలు కట్ట కట్టాను."

"దాని ఫోను?"

ఫోను అతని జేబులోనే ఉంది. రోజూ ఛార్జింగ్ పెడతాడు. ఎవరూ చెయ్యరు, అయినా పెడతాడు. ఆమె అతని జేబు వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆడది మొగుడి ముఖం కంటే జేబు బాగా చదువుతుంది.

"మొన్న మీ పాప రాయపూర్‌లో ఉందట గదా అని ఇదివరకు మన వీధిలో ఉండే శామ్యూల్ మాస్టారి భార్య అడిగింది. ఫోన్లో. నేనేటి చెప్పాలి?"

"ఎవరో అడిగితే, నోటికొచ్చింది..."

"కూతురు పోయిన ఇంట్లో నేను ఉండగలనండీ. పోనట్టు నడిచే ఇంట్లో ఉండలేను."

నెమ్మదిగానే అంది. కోపం ఉంటే బాగుండేది. కోపానికి ఏదో ఒకటి చెప్పొచ్చు.

అమ్ము పెద్దదినం, కర్మ భోజనాల రోజు గుర్తొచ్చింది. కొత్తవలసలో, పందిట్లో పంక్తి. శుభకార్యంలో తింటే విస్తరి మనవైపుకి మడుస్తారు, మళ్ళీ ఇలాంటి భోజనం రావాలని. చావు భోజనంలో అవతలికి మడుస్తారు, మళ్ళీ రాకూడదని. పంక్తిలో అందరూ మడిచి లేచారు. అతను మాత్రం విస్తరి తెరిచి ఉంచి, అన్నం వదిలేసి లేచిపోయాడు. పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. రత్నమాల చూసింది. తిన్నట్టూ కాదు, మడిచినట్టూ కాదు. ఆ భోజనం అతని వరకు ఇంకా ముగియలేదు.

ఇప్పుడు మాట్లాడాలి. ఇవాళే చేసేస్తాను, రా, ఇద్దరం కలిసి చేద్దాం అనాలి. మాటలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ అవి నోట్లోకి వచ్చేసరికి, గది తలుపు తీసిన చప్పుడు వినిపించింది, మంచం మీద దుప్పటి మడతలు కనిపించాయి. ఆ మడతలు అమ్ము వేసినవి. విప్పితే ఇంక ఉండవు.

"కూర బాలేదు కదా," అన్నాడు.

రత్నమాల చెయ్యి కడుక్కుని వచ్చి, సంచి భుజాన వేసుకుంది.

"నేను కింది బండికే పోతాను. లేవకండి. స్టేషన్‌కి ఆటో దొరుకుద్ది." కుర్చీ వెనక ఆగి, "మందులు వేసుకుంటన్నారా?" అంది.

"వేసుకుంటున్నాను."

"అబద్ధం చెప్పకండి."

అద్దాల తలుపు ఆమె వెనక మూసుకుంది. వెనక్కి తిరుగుతుందేమోనని చూశాడు. తిరగలేదు. దూరమయ్యే మనిషి ఎంత చిన్నగా అవుతుందో గార్డుకి కొత్తగా చెప్పక్కర్లేదు.

హుంగే వచ్చి మూడో విస్తరి చూసింది. ఎవరూ ముట్టలేదు. అన్నం అచ్చు చెదరలేదు.

"ఇది పార్సిల్ కట్టనా సర్?"

ఎక్కడ తిన్నా అమ్ము కోసం పార్సిల్ తీసుకోవడం అతని అలవాటు. స్టేషన్లో పనిచేసే పాయింట్స్‌మన్ ఇంట్లో పెళ్ళయినా, డ్యూటీలో క్యాంటీనయినా. అమ్ము పోయాక కూడా రెండుసార్లు తీసుకెళ్ళాడు. రాత్రంతా వంటింటి గట్టు మీద ఉంచి, తెల్లారాక ఆవుకి పెట్టాడు.

"సర్?"

"వద్దు," అన్నాడు.

ఆ పిల్ల మూడో పళ్ళెం ఎత్తుకుపోయింది. బల్ల మీద ఆ మేర తడి గుండ్రం మిగిలింది.

తన విస్తట్లో సగానికి పైగా అన్నం ఉంది. ఉప్పు లేదు. ముద్ద తర్వాత ముద్ద, చివరి మెతుకు దాకా తిన్నాడు. తర్వాత విస్తరి అంచు పట్టుకుని, తన దగ్గర నుంచి అవతలికి మడిచాడు.